ఎడమ తొడ నరం

పూతలపట్టు నుంచి మొగిలప్ప మోసుకొచ్చిన గోనెసంచిలో
నాలుగు కోళ్లు. మూడు చచ్చినవి.
నాలుగోది ఒక కాలు ముందుకీ, ఒకటి వెనక్కీ చాపి
పరుగు మధ్యలో ఎవరో "అట్నే ఉండు" అన్నట్టు
ఉండిపోయింది.

"పదారు వారాలు మేపినా మేడమ్,
గుడ్డు పెట్టే యాళకి కూలబడె."
"టీకా?"
"పిల్లల్ని కొనేటప్పుడే ఏసినామన్నారు."
చొక్కాజేబులో నాలుగు మడతల రసీదు.
నిజమే. పిల్లకింత అని వసూలు చేశారు.

దొరసామి బల్ల కడిగాడు.
ఈకలు తడిపి, తోలు వలిచి,
తొడ కండను వేలితో విడదీస్తే
అడుగున నరం.
కుడివైపుది సన్నగా, తెల్లగా,
అడ్డచారలు మెరుస్తూ,
కొత్త పంచె అంచులోంచి లాగిన పోగు.
ఎడమది మూడింతల లావు. చారల్లేవు.
నానబెట్టిన తాడులా పసుపుబారి ఉంది.
కార్జం నిండా బఠాణీలంత గడ్డలు.
ఇక జబ్బు పేరు రాయడమే.
రాశాను.

ఈ వైరస్ ఈకల మొదళ్లలో కాపురం పెడుతుంది.
కోడి రెక్క విదిలిస్తే పొడి.
ఆ పొడి షెడ్డు గాలిలో, సాలెగూళ్లలో,
మొగిలప్ప తలగుడ్డలో, నెలల తరబడి.
ఇందాక సంచి దులిపాం కదా,
ఈ గదిలోనూ.

పక్కగదిలో టీకా ఉంది.
పాలక్యాను లాంటి డబ్బాలో, పొగలు కక్కే నత్రజని అడుగున,
సున్నాకి నూట తొంభై ఆరు డిగ్రీల కింద
గాజు బుడ్లలో నిద్రపోతోంది.
టర్కీ కోడిలో ఎవరికీ చెడు చెయ్యకుండా బతికే
దాయాది వైరస్ అది.
కరిగించాక గంటలోపు వాడెయ్యాలి.
హేచరీలో ఆ గంట ఎట్లా గడుస్తుందో రసీదు మీద ఉండదు.
నీళ్లు మరీ కాగి ఉండొచ్చు.
వేల పిల్లల మెడల వెనక సూది దించే అమ్మాయి
చెయ్యి గుంజి, ఓ నాలుగు పిల్లల్ని
సూది తగలకుండానే అటు జరిపి ఉండొచ్చు.
నేనైతే జరిపేదాన్నే.

మొగిలప్పకి నేను చెప్పనిది వేరే ఉంది.
టీకా సరిగ్గా పడినా
వైరస్‌ను గడప దాటకుండా ఆపలేదు.
గడ్డలు రానివ్వదు, అంతే.
కోడి బతుకుతుంది, గుడ్లు పెడుతుంది,
బతికినన్నాళ్లూ పొడి రాలుస్తుంది.
వచ్చిన ఇంటినే వారంలో కాల్చుకుని
తనూ బూడిదైపోయే మొండిరకం ఒకటుంటే,
దానికిప్పుడు తీరుబడి దొరికింది.
నా థీసిస్‌లో ఇది నాలుగో అధ్యాయం.
గ్రాఫు చాలా అందంగా వచ్చింది.

పోయినేడు దొరసామికి నడుం చుట్టూ అక్కి లేచింది.
కుమ్మరాయన కావిమన్నుతో సింహం గీశాడు.
నేను ఆస్పత్రికి తీసుకుపోయి మాత్రలు ఇప్పించాను.
రెండూ పనిచేశాయంటాడు.
చిన్నప్పుడు నీకు అమ్మవారు పోసింది చూడు,
అదే ఇన్నేళ్లూ నీ నరంలో పడుకోనుంది అంటే
"అయితే పోలేదా మేడమ్?"
"పోదు."
"గంగమ్మకి కోడినిచ్చినామే!"
నవ్వాడు. నేనూ నవ్వాను.
ఆ కోడి ఈకల్లోనూ దీని చుట్టమే ఉండి ఉంటుందని
అనలేదు.

"తింటే మనుషులకేమన్నా అవుతాదా?"
"ఏమీ కాదు."
"మరి ఇంగ ఉండేటివి?"
కింద పొట్టు మొత్తం కాల్చెయ్,
షెడ్డు కడిగి ఖాళీగా పెట్టు అన్నాను.
ఎన్నాళ్లని అడగలేదు.
బ్యాంకోళ్లకి ఏం చెప్పాలని అడిగాడు.
చిత్తూరు బస్సు టైమైందని లేచి,
ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు.
ఆ సంచి ఇక్కడే వదిలెయ్యమన్నాను.
"బాగానే ఉంది కదా మేడమ్" అని తీసుకుపోయాడు.

నాలుగోదాని రెక్క కింద ఎనిమిది ఈకలు పీకి
మొదళ్లు కత్తిరించి గొట్టంలో వేశాను.
అరవలేదు.
దొరసామి మూతలో నీళ్లు పోసి ముక్కు దగ్గర పెట్టాడు.
ముంచింది, తల ఎత్తి మింగింది,
మళ్లీ ముంచింది.
నా గడియారం అద్దం మీద మెరుపు చూసి
టక్కున పొడిచింది.